గ్రిప్ అంటే ఒట్టి పట్టేనా?

సందేహం: పిల్లలకు అనువాదం చెప్పేటప్పుడు గ్రిప్ అంటే పట్టు అని రాయించాను. ఒక పిల్లవాడు ‘ఇన్ ద గ్రిప్ ఆఫ్ ఫియర్’ అన్నదానికి ‘భయం పట్టులో ఉన్నాడు’ అని రాశాడు. తప్పని తెలుస్తోంది గానీ ఎందుకు తప్పో చెప్పలేకపోయాను. టైరుకు గ్రిప్ లేదంటే పట్టు లేదనాలా? ఇంకో అమ్మాయి ‘జాలర్లు చేపలు పట్టుతున్నారు’ అని రాసింది, దిద్దాలా వద్దా? (కావలి నుంచి ఒక టీచరు)

సమాధానం: అమ్మా, మీరు చెప్పిన అర్థం సరైనదే. చేతికి సంబంధించినంతవరకు గ్రిప్ అంటే పట్టే. తాడు మీద పట్టు జారింది, లెక్కల మీద పట్టుంది, కుస్తీలో పట్లు, అన్నీ కుదురుతాయి. వదలకుండా పట్టుకుంటే ఉడుంపట్టు, మొండికేస్తే మంకుపట్టు. చిక్కంతా చెయ్యి లేనిచోట వస్తుంది.

ఇంగ్లీషువాళ్లు భయానికి కూడా ఒక పిడికిలి తగిలించి, మనిషిని అందులో పెడతారు. మనం అలా చెప్పం. ‘వాడికి భయం పట్టుకుంది’ అంటాం, అంతే. జ్వరం పట్టుకుంటుంది, దిగులు పట్టుకుంటుంది, నిద్ర పడుతుంది, చెమట పడుతుంది, ఇనుముకు తుప్పు పడుతుంది, చంద్రుడికి గ్రహణం పడుతుంది. పట్టేది అదే, మనం ఊరికే ఉంటాం. ఇక్కడ పని జరిపేది క్రియ, దాన్ని లాగి నామవాచకం చేసి ‘పట్టులో’ అనగానే వాక్యం ఎండిపోతుంది. నామవాచకమే కావాలంటే గుప్పిట ఉంది, ‘ఊరంతా ఆయన గుప్పిట్లో ఉంది’ అంటే ఎవరికైనా తెలుస్తుంది. కనిగిరి వైపు వానల్లేని ఏడు పేపర్లవాళ్లు ‘కరువు కోరల్లో’ అని రాస్తారు చూడండి, అది నాకు చాలా ఇష్టమైన మాట, ఇంగ్లీషు పిడికిలి పెట్టినచోట మనవాళ్లు కోరలు పెట్టారు.

చదువు సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. గ్రాస్ప్ అనే మాటకు చేత్తో అందుకోవడమనీ అర్థముంది, బుర్రతో అందుకోవడమనీ ఉంది. సంస్కృతంలోనూ అంతే, పాణిగ్రహణంలో చెయ్యి పట్టుకున్న గ్రహణమే ‘విషయం గ్రహించాడు’లోనూ ఉంది. రెండిట్లోనూ మనిషే పాఠాన్ని పట్టుకుంటాడు. మన ఇళ్లలో పెద్దవాళ్లు మాత్రం ‘వీడికి చదువు ఒంటబట్టలా’ అంటారు. చదువే వచ్చి వీడికి పట్టాలి! కాబట్టి పిల్లలకు గ్రిప్‌కు సమానమైన మాట వెతకమని చెప్పకండి, ఆ వాక్యంలో ఎవరు ఎవర్ని పట్టుకుంటున్నారో, అదే సంగతి ఇంట్లో అమ్మ అయితే ఎలా చెబుతుందో ఆలోచించమనండి. ‘గెట్ ఎ గ్రిప్’ అన్నచోట పట్టు ఊసే రాదు, ‘కాస్త తమాయించుకో’ అంటుంది.

హోల్డ్, గ్రిప్, క్లచ్ అని ఇంగ్లీషులో బిగువును బట్టి వేరే వేరే మాటలున్నాయి. మనం పట్టు ఒక్కదాన్నే ఉంచుకుని ముందు ఇంకో మాట చేరుస్తాం. ఒడిసిపట్టాడు, అదిమిపట్టాడు, ఊపిరి బిగబట్టాడు, కోపం ఉగ్గబట్టుకున్నాడు. ఎంత సంపద!

ఇక టైరు. మెకానిక్కులూ డ్రైవర్లూ అందరూ గ్రిప్ అనే అంటున్నారు, అది తెలుగైపోయింది, అలాగే రాయనివ్వండి. బ్యాటు పిడికి తొడిగే రబ్బరు కూడా గ్రిప్పే, దానికి కొత్త పేరు పుట్టించక్కర్లేదు. కానీ కత్తికి పిడి, గొడ్డలికి కామ, నాగలికి మేడి ఉండగా వాటిని కూడా గ్రిప్ అంటుంటే మాత్రం నాకు బాధగా ఉంటుంది. ఒంగోలు గిత్తల్ని కట్టి దున్నినవాళ్ల మనవళ్లకు మేడి అంటే తెలియకపోతే ఎలా? బండి దగ్గర కూడా మన క్రియ చక్కగా బతికే ఉంది, ‘బ్రేకు పట్టలా’ అని నెల్లూరు రోడ్ల మీద రోజూ వింటాం. ‘క్లచ్ పట్టి గేరు వెయ్యి’ అంటాం గదా, అక్కడ పట్టేది లివరును, క్లచ్ నొక్కితే లోపల ప్లేట్లు పట్టు వదిలేస్తాయి.

చివరిది, చేపలు. ‘పట్టుతున్నారు’ దిద్దాల్సిందే. పెట్టుకు పెడుతున్నారు, కొట్టుకు కొడుతున్నారు, తిట్టుకు తిడుతున్నారు, అలాగే పట్టుకు పడుతున్నారు. ఆ అమ్మాయి భయమల్లా ‘పడుతున్నారు’ అంటే కింద పడుతున్నారని అనుకుంటారేమోనని అయ్యుంటుంది. వాన పడుతోందిలో ఉన్న పడు వేరు, ఇది వేరు, వర్తమానంలో రెండూ ఒకేలా వినిపిస్తాయి గానీ భూతకాలంలోకి తెస్తే విడిపోతాయి. కొత్తపట్నం జాలర్లు చేపలు పట్టారు, వాళ్ల వలలో చేపలు పడ్డాయి. ఈ రెండు వాక్యాలూ బోర్డు మీద పక్కపక్కన రాసి చూపించండి.