పాల్ బ్రాండ్ స్మారకోపన్యాసం చేయబోయే యువ శస్త్రవైద్యునికి

చిరంజీవికి ఆశీస్సులు.

మీ శస్త్రచికిత్స విభాగం కుష్ఠు రోగుల చేతులు బాగుచేసిన శస్త్రవైద్యుడు డాక్టర్ పాల్ బ్రాండ్ మీద స్మారకోపన్యాసాన్ని నీకు అప్పగించిందని తెలిసి సంతోషించాను. సలహా అడిగావు కనుక నాకు తోచింది రాస్తున్నాను.

పురస్కారాల పట్టికతో మొదలుపెట్టకు. 1960లో ఆయనకు అమెరికా వారి లాస్కర్ వైద్య పురస్కారం వచ్చిన సంగతి సభాధ్యక్షులు ఎలాగూ చదువుతారు. ఆయన పనిని వృత్తి తెలిసినవాడిగా నువ్వు విప్పి చెప్పాలి. తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టి, లండన్‌లో వైద్యం చదివి, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన బ్రాండ్, చెంగల్పట్టు కుష్ఠు చికిత్సాలయంలో ఒక రోగిని, వంకరపోయిన చేతితో తన చేతిని పట్టుకోమన్నప్పుడు, ఆ పట్టు నొప్పి పుట్టేంత బలంగా ఉండటం చూసి విస్తుపోయారు. కండరాలు కొన్ని చచ్చుబడినా కొన్ని బతికే ఉన్నాయన్న ఆ గమనింపు దగ్గర కాసేపు ఆగు. తరువాతి కథంతా అక్కడి నుంచే వచ్చింది. బాగున్న కండరపు స్నాయువును (కండరాన్ని ఎముకకు కలిపే తాడువంటి భాగాన్ని) మళ్ళించి వేళ్ళను తెరిపించే శస్త్రచికిత్స దాని ఫలమే. వేళ్ళు వ్యాధివల్ల వాటంతటవే రాలిపోవని, స్పర్శ పోయిన రోగులే నొప్పి తెలియక కాల్చుకొని, కోసుకొని, పుండు మీదే పనిచేసి పోగొట్టుకుంటున్నారని ఆయన బృందం ఓపికగా నిరూపించింది. నిద్రలో ఎలుకలు కొరికినా మెలకువ రాని రోగులకు పిల్లుల్ని ఇచ్చి పంపిన సంగతి తప్పక చెప్పు. సభలో నవ్వు వస్తే రానీ, వెంటనే అణిగిపోతుంది.

చేతులు బాగుపడిన రోగులు కొందరు తిరిగి వచ్చి, ఈ చేతులు చూసి ఎవరూ బిచ్చం వేయడం లేదు, పని ఇచ్చేవారూ లేరని మొరపెట్టుకున్న ఘట్టాన్ని దాటవేయకు. శస్త్రచికిత్స విజయం కుట్లు విప్పిన నాటితో లెక్కకు రాదని ఆయన గ్రహించి, వడ్రంగం వంటి పనులు నేర్పే నవజీవన కేంద్రాన్ని వెల్లూరులో నెలకొల్పారు. నా దృష్టిలో ఆయన వృత్తికి చేసిన సేవలో ఇది స్నాయువు మార్పిడికి ఏమాత్రం తక్కువ కాదు.

ఆయన్ని ఒంటరి మహాత్ముణ్ణి చేయవద్దు. ఆయన్ని రమ్మని పిలిచిన కుష్ఠు వైద్య నిపుణుడు రాబర్ట్ కాక్రేన్, రోగుల కళ్ళు కాపాడిన భార్య మార్గరెట్, వేళ్ళకు మళ్ళీ కదలిక నేర్పిన ఫిజియోథెరపిస్టులు, మెత్తటి ఎం.సి.ఆర్. (మైక్రోసెల్యులార్) రబ్బరు చెప్పులు కుట్టినవారు, ఫలితం ఎలా ఉంటుందో తెలియని రోజుల్లోనే కత్తికి చెయ్యి అప్పగించిన రోగులు, వీరందరికీ ప్రసంగంలో చోటుండాలి. పాత ఫోటోలు చూపేటట్లయితే చేతులు, పాదాలు మాత్రమే చూపు, ముఖాలు వద్దు.

మనవైపు నుంచి వెల్లూరు వెళ్ళి చికిత్స పొందినవారు ఎందరో ఉన్నారు. కానీ ఆ ఒక్క బంధంతో సరిపెట్టకు. 1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళాక స్పర్శ లేని పాదం గురించి ఆయన నేర్చుకున్నదంతా మధుమేహ రోగులకూ అన్వయించారు. మీ వార్డులో పాదపు పుళ్ళతో పడుకున్నవారికి కావలసింది అదే. ప్రసంగం ఇరవై నిమిషాలకు మించనీయకు. ఆ వారం నుంచే మీ ఓపీలో మధుమేహులందరి చెప్పులు విప్పించి, అరికాలు చూసి, మోనోఫిలమెంటుతో (సన్నని నైలాన్ పోగుతో) స్పర్శ పరీక్షించే ఏర్పాటు మొదలవుతుందని విభాగాధిపతిగారి చేత ఆ సభలోనే ప్రకటింపజెయ్యి. శాలువాల ఖర్చులో కొంత మిగిల్చితే ఆ పరికరాలు వచ్చేస్తాయి.