ఈక తక్కువ, బిగువు ఎక్కువ

చిరంజీవి అమ్మడికి, మామయ్య ఆశీస్సులు.

కొన్న జిగ్‌లన్నీ, అదే సీసపు తల, ఈక తోక ఉన్న ఆ గేలాలన్నీ, టెక్సస్ లావన్ లేక్‌లో ఒక్క పూటలో కొమ్మలపాలయ్యాయని దిగులుగా మెసేజ్ పెట్టావు. క్రాపీ చేప కాపురం ఉండేదే అక్కడ తల్లీ. నీళ్ళలో మునిగిన చెట్లు, వంతెన స్తంభాలు, కావాలని ముంచిన కంప కుప్పలు, వీటి పక్కకి వెయ్యకపోతే చేప తగలదు. వేస్తే జిగ్‌లు పోతూనే ఉంటాయి. అందుకే ఇంట్లో కట్టుకోమంటున్నాను. నువ్వు కట్టుకున్నది ఒకటి పోయినా ప్రాణం ఉసూరుమనదు, డబ్బాలోంచి ఇంకోటి తీసి ముడేస్తావు. ఆ ధైర్యం వచ్చాక సరిగ్గా చేప ఉన్నచోటే వేస్తావు.

జిగ్ తలలు, అంటే గేలానికి పోసిన సీసపు ముద్దలు, మాత్రం కొనుక్కో. సీసం కరిగించి పోసుకునే పని ఇప్పుడే పెట్టుకోకు. అది 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఆ పొగ, ఆ పొడి ఒంటికి విషం. కరిగిన సీసంలో ఒక్క నీటిచుక్క పడినా ఎగిరి మొహాన చిమ్ముతుంది. పిల్లలున్న ఇల్లు, వంటింట్లో అసలే వద్దు. రంగు వెయ్యని తలలు ప్యాకెట్లలో దొరుకుతాయి. ఔన్సులో పదహారో వంతు, అంటే దాదాపు గ్రాము ముప్పావు బరువున్నవి, 6వ నంబరు గేలంతో తీసుకో. సన్నతీగ గేలమే అడుగు. కొమ్మకి పట్టుకున్నప్పుడు నిదానంగా లాగితే గేలం సాగి ఊడొస్తుంది, పటకారుతో మళ్ళీ వంచుకోవచ్చు. లావు తీగైతే గేలపు దారమే తెగుతుంది.

రంగు సంగతి తేలికే. తలని మంట మీద కొన్ని సెకన్లు తిప్పి పొడి రంగులో ముంచు, గేలం కన్నులో రంగు గడ్డకట్టకుండా సూదితో తీసెయ్, తర్వాత పాత టోస్టర్ ఓవెన్‌లో 350 ఫారెన్‌హీట్ దగ్గర ఓ పావుగంట ఉంచు. ఆ ఓవెన్‌లో మళ్ళీ ఎప్పుడూ తిండి వేడిచెయ్యకు.

ఇక కట్టడం. గేలం వంపుని వైస్‌లో, అంటే గేలాన్ని కదలకుండా పట్టుకునే పరికరంలో, బిగించు, కాడ నేలకి సమంగా ఉండాలి. తల వెనకనుంచి వంపు దాకా దారం పక్కపక్కనే చుట్టుకుంటూ వెళ్ళు. నున్నటి ఇనుము మీద ఈక నిలవదు, దారం పరుపు ఉంటేనే పట్టు. మీ అమ్మ మల్లెలు కట్టేటప్పుడు చూశావుగా, కాడ తెగకుండా, పువ్వు జారకుండా దారం లాగుతుంది, ఆ బిగువే ఇక్కడా కావాలి. దారం తెగేముందు ఎంతవరకు ఓర్చుకుంటుందో తెలియాలంటే ఖాళీ గేలం మీద రెండుమూడుసార్లు కావాలని తెంపి చూడు. చేతికి అదే తెలుస్తుంది.

తోకకి మారబూ అనే మెత్తటి ఈక. పేరు కొంగజాతి పక్షిదే గానీ ఇప్పుడు అమ్మేదంతా టర్కీ కోడి ఈకే. దాన్ని నీళ్ళతో తడిపి చూడు. పొడిగా ఉన్నప్పుడు గుప్పెడు కనిపించింది, తడిస్తే అగ్గిపుల్లంత అవుతుంది. నీళ్ళలో చేపకి కనిపించే ఒళ్ళు దానికి దగ్గరగా ఉంటుంది. కొత్తగా కట్టేవాళ్ళంతా ఇక్కడే ఆశపడి బోలెడు ఈక పెడతారు. కుచ్చు ఎక్కువైతే బిరుసెక్కి కదలదు. జిగ్‌ని ఒకచోట ఆపి ఉంచినా పీచు దానంతటదే ఊపిరి తీస్తున్నట్టు కదలాలి, మారబూ వాడేదే అందుకు. తోక పొడవు గేలం కాడంత ఉంటే చాలు. ఎక్కువైతే కత్తెర వెయ్యకు, గోళ్ళతో గిల్లు. కత్తెర వేస్తే చీపురు కొసలా మొండిగా అవుతుంది.

ఈక మొదలుని కాడ పొడవునా తల దాకా దారంతో అదిమి కట్టు, ఒళ్ళు ఎత్తుపల్లాలు లేకుండా వస్తుంది. షెనిల్ అనే బొచ్చు దారం కొసన పావు అంగుళం బొచ్చు గోటితో గీకేసి, బయటపడ్డ నూలుని తోక మొదట్లో కట్టు. దారాన్ని ముందుకి తెచ్చి, షెనిల్‌ని సందులేకుండా తల వరకు చుట్టి, నాలుగు బిగువైన చుట్లతో ఆపి కత్తిరించు. చివర విప్ ఫినిష్ ముడి, అంటే దారం కొసని దాని చుట్లకిందకే దూర్చి బిగించేది. అది చేతికి రాకపోతే ప్రస్తుతానికి మూడు సగం ముడులు వేసి, రంగులేని నెయిల్ పాలిష్ ఒక చుక్క పెట్టు. ఆరనిచ్చాకే డబ్బాలో పెట్టు.

లావన్ నీళ్ళు బురద తేలి ఉంటాయి కాబట్టి నలుపు, పసరు పసుపు కలిపి కట్టు. తేట నీటికి తెలుపు. క్రాపీ కళ్ళు పైకి చూసేవి, చేప కన్నా అడుగు పైన వేలాడదియ్, కిందకి పోనిస్తే దానికి కనబడదు. లైన్ ముడిని గేలం కన్ను పైభాగానికి జరుపు, జిగ్ అడ్డంగా తేలుతుంది. చేప పట్టాక ముడి జరిగిపోతుంది, ప్రతిసారీ సరిచూడు. దాని పెదవి కాగితంలా పలచన, గట్టిగా గుంజితే చిరుగుతుంది. 10 అంగుళాల లోపుది వదిలెయ్.

అన్నట్టు వేసవిలో బాస్టన్ వెళ్ళేటప్పుడు ఈ డబ్బా తీసుకెళ్ళకు. మసాచుసెట్స్ మంచినీటి చెరువుల్లో ఔన్సు లోపు సీసపు జిగ్‌లు వాడకూడదు. లూన్ అనే నీటిపక్షులు వాటిని మింగి చనిపోతున్నాయి. అక్కడికి టంగ్‌స్టన్ తలలు తీసుకుని కట్టు. ఇక్కడ కూడా కట్టడం అయ్యాక సబ్బుతో చేతులు కడగందే పిల్లల్ని ముట్టుకోకు.

నా దగ్గర రెండో వైస్ ఖాళీగానే ఉంది. వచ్చే వారం పట్టుకెళ్ళు, కత్తెర మాత్రం కొత్తది, మొన సన్నటిది కొనుక్కో.

మీ మామయ్య