పోతే పోండి, ముందు అదేదో తేల్చండి బాబూ!

ప్రశ్న: నేను 2015లో జాబ్ మీద లీడ్స్ వచ్చాను సార్. మరుసటి ఏడాది నుంచి టీవీ పెడితే బ్రెగ్జిట్ (బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి పోవడం), పేపర్ తెరిస్తే బ్రెగ్జిట్. మా టీమ్‌లో ఉండాలన్నవాళ్ళూ పోవాలన్నవాళ్ళూ మొదట్లో కొట్టుకునేవాళ్ళు, 2019కి వచ్చేసరికి ఇద్దరిదీ ఒకటే మాట, ఏదో ఒకటి తేల్చి చావండిరా అని. జనం ఓటేసి చెప్పేశాక కూడా మూడున్నరేళ్ళు ఎందుకు లాగారు? అంతా డ్రామానేనా? - ఓ పాఠకుడు, లీడ్స్

జవాబు: డ్రామాకి లోటేం లేదు గానీ అంతా డ్రామా కాదండీ. 2016 జూన్ 23న బ్యాలెట్ మీద అడిగింది ఒకే ముక్క, యూరోపియన్ యూనియన్‌లో ఉందామా, బయటికి పోదామా అని. 51.9 శాతం పోదామన్నారు, 48.1 శాతం ఉందామన్నారు. సరే, బయటికెళ్ళి ఎక్కడ ఆగాలి? నార్వేలాగా సింగిల్ మార్కెట్లో (అంటే యూరప్ దేశాలన్నీ ఒకే రూల్స్‌తో ఒకే బజారులా నడిచే ఏర్పాటులో) ఉండిపోవాలా, కస్టమ్స్ యూనియన్‌లో ఉంటే చాలా (అంటే బయటి దేశాల సరుకు మీద అందరూ ఒకటే సుంకం వేసి, తమలో తాము సుంకాలు లేకుండా అమ్ముకోవడం), కెనడాలాగా ఒట్టి ట్రేడ్ డీల్ చేసుకోవాలా, లేక ఏ ఒప్పందం లేకుండా తెంచుకుపోవాలా... ఇవేవీ ఆ కాగితం మీద లేవు. పోదామన్న కోటీ 74 లక్షల మందిలో ఈ రకాలన్నీ ఉన్నారు, గెలిచాక ప్రతివాడూ జనం ఓటేసింది నా బ్రెగ్జిట్‌కే అన్నాడు. అసలు పేచీ అక్కడ మొదలైంది.

ఈ రెఫరెండం (జనాన్నే నేరుగా ఓటేసి తేల్చమనడం) పెట్టిన ప్రధాని కామెరూన్ ఓడిపోయి రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. తర్వాత ప్రధానిగా వచ్చిన థెరిసా మే 2017 మార్చి 29న, యూనియన్ నుంచి వెళ్ళిపోతున్నామని చెప్పే ఆర్టికల్ 50 నోటీసు ఇచ్చేసింది, దాంతో రెండేళ్ళ గడియారం మొదలైపోయింది. కొత్త ఇల్లు చూసుకోకుండానే ఓనర్‌కి ఖాళీ చేస్తామని చెప్పేసినట్టు! పైగా ఆ టైంలో కూర్చుని ప్లాన్ చేసుకోవాల్సింది పోయి, బలం పెంచుకుందామని జూన్‌లో ఎలక్షన్ పెట్టి ఉన్న మెజారిటీ కాస్తా పోగొట్టుకుంది. ఆ ఎలక్షన్ ప్రకటించినప్పుడు బ్రిస్టల్లో ఒక పెద్దావిడ బీబీసీ మైకు ముందు, జోకులేస్తున్నారా, మళ్ళీ ఇంకోటా అని విసుక్కుంది చూడండి, దేశం మొత్తం ఆ క్లిప్ షేర్ చేసుకుంది. జనం మూడ్ తెలుసుకోవడానికి వేరే సర్వే అక్కర్లేదనిపించింది నాకు.

2019 అయితే మరీ ఘోరం. బయటికి పోయే షరతుల మీద యూరప్‌తో మాట్లాడుకుని థెరిసా మే తెచ్చిన డీల్ జనవరి 15న పార్లమెంటులో 230 ఓట్ల తేడాతో పోయింది, మార్చి 12న 149 తేడాతో, మార్చి 29న 58 తేడాతో. ఆ మార్చి 29 ఏంటనుకున్నారు, బయటికి పోతామని దేశమంతా చెప్పుకున్న తారీఖే! మధ్యలో ఎంపీలు, పోనీ మేమే దారి చూపిస్తాం అని ఎనిమిది ఆప్షన్లు పెట్టి ఓటేసుకున్నారు, ఎనిమిదీ ఓడిపోయాయి. ఏప్రిల్ 1న మళ్ళీ నాలుగు పెట్టారు, అవీ ఓడిపోయాయి, కస్టమ్స్ యూనియన్ అయితే మూడంటే మూడు ఓట్ల తేడాతో పోయింది. తారీఖు కూడా భలే కుదిరింది లెండి.

ఇదంతా చూస్తున్న మామూలు మనిషికి కనిపించిందేంటంటే, ఒప్పందం లేకుండా పోవాల్సొస్తే ఎలా అని కెంట్‌లో మాన్‌స్టన్ అనే మూతపడ్డ ఎయిర్‌పోర్టులో వందలోపు లారీలు నిలబెట్టి డోవర్ పోర్టు దాకా ట్రాఫిక్ జామ్ రిహార్సల్ చేయించడం, ఒక్క ఓడ కూడా లేని కంపెనీకి కోటీ 38 లక్షల పౌండ్ల ఫెర్రీ కాంట్రాక్టు ఇచ్చి మళ్ళీ రద్దు చేయడం, ఇలాంటివి. గడువు అక్టోబర్ 31కి జరిగాక, ఈసారి పక్కా అని ఆ తారీఖుతో 50 పెన్స్ నాణేలు కొట్టించడం మొదలెట్టారు, గడువు మళ్ళీ జరిగేసరికి దాదాపు పది లక్షల నాణేలు కరిగించేశారు. జనానికి ఒళ్ళు మండదా మరి?

ప్రశ్న: ఐర్లండ్ గొడవేంటండీ? రెండు దేశాల మధ్య ఒక చెక్‌పోస్టు పెట్టుకుంటే అయిపోయేదానికి ఇంత రాద్ధాంతమా? - ఓ పాఠకురాలు, స్లౌ

జవాబు: చెక్‌పోస్టు అన్నంత తేలిక కాదమ్మా అక్కడ. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లో భాగం, పక్కనున్న ఐర్లండ్ యూరప్ కూటమిలో మెంబర్. ఆ రెంటి మధ్య సరిహద్దు దాదాపు 500 కిలోమీటర్లు. ముప్పై ఏళ్ళ హింస తర్వాత 1998లో గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరింది, సైనికుల కాపలా పోయింది, ఇప్పుడు మీరు కార్లో వెళ్తుంటే దేశం మారిందని స్పీడ్ బోర్డులు మైళ్ళ నుంచి కిలోమీటర్లకి మారితే తప్ప తెలీదు. మళ్ళీ అక్కడ గేటు పెట్టడం ఎవరికీ ఇష్టం లేదు. అలాగని గేటు లేకపోతే రెండు వేరు వేరు మార్కెట్ల సరుకు కలిసిపోతుంది. థెరిసా మే డీల్ మూడుసార్లు పోవడానికి ముఖ్య కారణం ఇదే. ఆమె తర్వాత ప్రధానిగా బోరిస్ జాన్సన్ వచ్చి ఆ చెకింగ్‌ని సముద్రం మీదికి నెట్టాడు, అంటే బ్రిటన్‌కీ బ్రిటన్‌లోనే ఉన్న ఉత్తర ఐర్లండ్‌కీ మధ్య అన్నమాట. దాంతో అక్కడ బ్రిటన్‌తోనే ఉండాలనే డీయూపీ పార్టీ వాళ్ళు అలిగి 2022 నుంచి 2024 దాకా అసెంబ్లీ నడవనివ్వలేదు. మధ్యలో 2023లో విండ్సర్ ఫ్రేమ్‌వర్క్ అని అప్పటి ప్రధాని సునాక్ కొంత సర్దుబాటు చేశాడు. ఇంకో సంగతి, అక్కడ 55.8 శాతం మంది అసలు పోవద్దనే ఓటేశారు.

ప్రశ్న: నాది ఇండియన్ పాస్‌పోర్ట్, 2016లో ఓటేశాను. మా ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా ట్యాక్స్ కడుతున్న ఫ్రెంచ్ ఆవిడకి ఓటు లేదన్నారు. ఇదెక్కడి న్యాయం? - ఓ పాఠకుడు, లెస్టర్

జవాబు: న్యాయం సంగతి పక్కనపెడితే రూల్ అదేనండీ. ఇక్కడ ఉంటున్న కామన్వెల్త్ దేశాల పౌరులకి ఓటుంది, ఐరిష్‌వాళ్ళకీ ఉంది, మిగతా యూరప్ వాళ్ళలో కామన్వెల్త్‌లో ఉన్న మాల్టా, సైప్రస్ వాళ్ళకి తప్ప ఇంకెవరికీ లేదు. ఎవరి బతుకు తలకిందులవుతుందో వాళ్ళనే అడగలేదు, అది నాకూ మింగుడుపడలేదు.

ప్రశ్న: అంత విసిగిపోయిన జనం 2019 డిసెంబర్‌లో బోరిస్‌కి 80 సీట్ల మెజారిటీ ఎలా ఇచ్చారు? - ఓ పాఠకురాలు, మాంచెస్టర్

జవాబు: విసిగిపోయారు కాబట్టే ఇచ్చారని నా లెక్క. ఆయన సెప్టెంబర్‌లో పార్లమెంటుకి అయిదు వారాలు తాళం వేస్తే సుప్రీంకోర్టులో 11 మంది జడ్జీలూ ఏకగ్రీవంగా చెల్లదన్నారు, సొంత పార్టీ ఎంపీలు 21 మందిని బయటికి పంపాడు, ఇన్ని చేసినా ఎలక్షన్లో ఆయన చెప్పింది ఒకటే, బ్రెగ్జిట్ పని పూర్తి చేసేస్తా అని. అవతల ప్రతిపక్షం లేబర్ పార్టీ వాళ్ళు కొత్త డీల్ మాట్లాడి, దానిమీద మళ్ళీ రెఫరెండం పెడతాం అన్నారు. మళ్ళీనా అనే మాట వింటేనే తలనొప్పి వచ్చే స్థితిలో ఉన్నారు జనం. బోల్సోవర్, సెజ్‌ఫీల్డ్ లాంటి పాత బొగ్గుగనుల సీట్లు, తరతరాలుగా లేబర్‌కి వేసినవి, అవి కూడా బోరిస్ పార్టీ వైపు వచ్చేశాయి. అందులో బోరిస్ మీద ప్రేమ ఎంతో నాకు తెలీదు గానీ గోల ఆగితే చాలనే కోరిక మాత్రం చాలా ఉంది. 2020 జనవరి 31 రాత్రి 11కి బయటికి వచ్చేశారు, ట్రేడ్ డీల్ మాత్రం ఆ ఏడాది క్రిస్మస్ ముందురోజు దాకా తేలలేదు.

ప్రశ్న: మళ్ళీ చేరే ఛాన్స్ ఉందా? - ఓ పాఠకుడు, రెడింగ్

జవాబు: ఇప్పట్లో కనపడట్లేదండీ. 2024లో లేబర్ తరఫున గెలిచి ప్రధాని అయిన స్టార్మర్ సింగిల్ మార్కెట్లోకీ కస్టమ్స్ యూనియన్‌లోకీ తిరిగి వెళ్ళం అని మేనిఫెస్టోలోనే రాసేశాడు, 2025 మేలో చేసుకున్నది ఫుడ్ చెకింగులు తగ్గించడం, చేపల వేట లాంటి వాటి మీద సర్దుబాటే. రేపెప్పుడో మనసు మారినా 27 దేశాలూ ఒప్పుకోవాలి, అందులో ఏ ఒక్కటి అడ్డం తిరిగినా అంతే సంగతులు. పైగా వెనకటికి అప్పటి ప్రధాని థాచర్ 1984లో పట్టుబట్టి తెచ్చుకున్న, కూటమికి కట్టే డబ్బులో తగ్గింపూ, ఆ తర్వాత దొరికిన యూరో కరెన్సీ వాడక్కర్లేదన్న మినహాయింపూ మళ్ళీ ఇస్తారన్న గ్యారంటీ లేదు.