చిన్నీకి, నీ ప్లగిన్ల జాబితా చూశాక

చిన్నీకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన జాబితా నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. సైటుకు అదనపు పనులు చేర్చే చిన్న ప్రోగ్రాములు, ముప్పై ఒక్క ప్లగిన్లు! కాళహస్తిలో మీ నాన్న వేయించే కలంకారీ చీరలు, పటాలు అమ్ముకునే సైటుకు ఇన్ని అక్కర్లేదమ్మా. ఫోన్లో చెబితే ఒక చెవిన విని వదిలేస్తావని రాసి పంపుతున్నాను. తిరుపతిలో లాడ్జీలకూ దుకాణాలకూ పదమూడేళ్ళుగా సైట్లు చేసి పెడుతున్నవాణ్ణి, ఈ ఒక్క విషయంలో నా మాట విను.

ప్లగిన్ అంటే ఫోన్లో యాప్ లాంటిదని నువ్వనుకుంటున్నావు. యాప్‌కు కెమెరా కావాలంటే ముందు నిన్ను అడుగుతుంది. నీ సైటును నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో ప్లగిన్ ఏదీ అడగదు. యాక్టివేట్ నొక్కిన క్షణం నుంచి నీ డేటాబేస్ మొత్తం దాని చేతిలో ఉంటుంది. కొన్నవాళ్ళ పేర్లు, అడ్రసులు, ఫోన్ నంబర్లు చదవగలదు, మార్చగలదు. గల్లాపెట్టె తాళంచెవి ఇచ్చినట్టే. మీ నాన్న ఆ తాళంచెవి ఎంతమందికి ఇస్తాడో నీకు తెలుసు కదా.

2017లో జరిగింది చెబుతాను. డిస్‌ప్లే విడ్జెట్స్ అని ఒక చిన్న ప్లగిన్ దాదాపు రెండు లక్షల సైట్లలో ఉండేది. దాన్ని తయారుచేసినవాళ్ళు వేరేవాళ్ళకు అమ్మేశారు. కొన్నవాళ్ళు అప్‌డేట్ పేరుతో అందులో దొంగదారి పెట్టి, ఆ సైట్లలోకి తమకు కావలసిన స్పామ్ పేజీలు ఎక్కించారు. ప్లగిన్లు దొరికే వర్డ్‌ప్రెస్ డైరెక్టరీ నుంచి తీసేస్తే మళ్ళీ వచ్చింది, మళ్ళీ తీసేశారు. వాడుతున్నవాళ్ళు చేసిన తప్పేమీ లేదు, మామూలుగా అప్‌డేట్ నొక్కారు, అంతే. అందుకే ప్లగిన్ ఏం చేస్తుందో చూసే ముందు దాని వెనక ఎవరున్నారో చూస్తాను. డైరెక్టరీలో దాని పేజీ తెరిచి, చివరిగా ఎప్పుడు అప్‌డేట్ చేశారో చూడు. ఏడాది దాటితే వదిలేయ్. సపోర్ట్ విభాగంలో జనం అడిగిన ప్రశ్నలకు జవాబులు వస్తున్నాయా చూడు. ఐదు నక్షత్రాల రివ్యూలు చదవకు, ఒక్క నక్షత్రం ఇచ్చినవి పది చదువు. ఎక్కడ తెగుతుందో వాళ్ళే చెబుతారు.

ఇక నీ జాబితా. సగం పనులు ప్లగిన్ లేకుండానే జరిగిపోతాయి. పేజీ కిందికి జరిపే కొద్దీ ఫొటోలు తెరుచుకునే లేజీ లోడ్, గూగుల్‌కు ఇచ్చే పేజీల జాబితా సైట్‌మ్యాప్, ఈ రెండూ 2020 ఆగస్టులో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్‌లోనే ఉన్నాయి. వాట్సాప్ బటన్‌కు ప్లగిన్ ఎందుకు? మీ నంబరుతో ఒక లింకు తయారుచేసి మెనూలో పెడితే చాలు. స్టాక్ లెక్కకు రాసుకున్న రెండు ప్లగిన్లూ కొట్టెయ్, సైటులో అమ్మకాలు నడిపే ఊకామర్స్‌లోనే ఆ లెక్క ఉంది. ఫైల్ మేనేజర్ అసలే వద్దు. 2020 సెప్టెంబరులో ఆ పేరున్న ప్లగిన్‌లోనే పెద్ద లోపం బయటపడింది. ఏడు లక్షలకు పైగా సైట్లలో ఉండేది అది. పాస్‌వర్డ్ కూడా లేకుండా ఎవరైనా వచ్చి ఫైళ్ళు ఎక్కించేంత లోపం. ఫైళ్ళ పని ఉంటే సైటును తమ సర్వర్‌లో ఉంచేవాళ్ళు ఇచ్చే హోస్టింగ్ ప్యానెల్‌లో చేసుకో. పాప్‌అప్‌లు, స్లైడర్లు, మంచు కురిసే బొమ్మలు అన్నీ తీసెయ్. చీర చూడ్డానికి వచ్చినవాళ్ళకు చీర కనపడాలి.

డబ్బులు తీసుకునే దగ్గర మాత్రం తొందరపడొద్దు. మీవి చేత్తో వేసిన చీరలు, ఒక్కో బొమ్మకు ఒక్కటే ఉంటుంది. ఎవరైనా చీర ఎంచుకుని డబ్బు కట్టకుండా ఆగితే, ఊకామర్స్ దాన్ని మామూలుగా 60 నిమిషాలు పక్కన పెట్టి, ఆ తర్వాత ఆర్డర్ రద్దు చేసి మళ్ళీ అమ్మకానికి పెడుతుంది. ఇప్పుడు ఇది ఆలోచించు. హైదరాబాద్‌లో ఒకావిడ యూపీఐలో డబ్బు కట్టేసి, మళ్ళీ సైటుకు రాకుండా ఫోన్ పక్కన పెట్టేసింది. ఆన్‌లైన్లో డబ్బు వసూలు చేసిపెట్టే గేట్‌వే నుంచి సైటుకు నేరుగా కబురు రావాలి. దాన్నే వెబ్‌హుక్ అంటారు. అది పని చేయకపోతే డబ్బు వచ్చినా ఆర్డర్ పెండింగ్‌లోనే ఉంటుంది, గంట తర్వాత రద్దవుతుంది, అదే చీర ఇంకొకరు కొంటారు. రెండో చీర వేసి ఇవ్వాలంటే కరక్కాయ, పాలల్లో గుడ్డ నానబెట్టే దగ్గర్నుంచి మళ్ళీ మొదలు. కాబట్టి రేజర్‌పే గానీ ఇంకొకటి గానీ, ఏ గేట్‌వే తీసుకుంటే వాళ్ళు సొంతంగా తయారుచేసిన ప్లగిన్ మాత్రమే పెట్టు. టెస్ట్ మోడ్‌లో ఐదారు ఆర్డర్లు వేసి చూడు. డబ్బు కట్టగానే బ్రౌజర్ మూసేసి కూడా చూడు.

జీఎస్టీ బిల్లు పీడీఎఫ్‌గా ఇచ్చే ప్లగిన్ ఒకటి కావాలి, అది ఉంచు. పన్ను రేట్లు ఊకామర్స్ సెట్టింగుల్లోనే రాష్ట్రాల వారీగా పెట్టుకోవచ్చు. ఆంధ్రాలోపల సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, బయటికి ఐజీఎస్టీ. మీ ఆడిటర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చెయ్.

సైటు వేగం పెంచడానికి, ఒకసారి తయారైన పేజీని దాచి అందరికీ అదే చూపించే క్యాష్ ప్లగిన్లు రెండు రాశావు. ఒక్కటే ఉండాలి. ఈ విషయంలో నేను చేసిన తప్పు చెబుతాను. కొన్నేళ్ళ క్రితం స్టేషన్ దగ్గర ఒక లాడ్జి సైటుకు బ్రహ్మోత్సవాల ముందు క్యాష్ ప్లగిన్ పెట్టాను. గదులు ఖాళీ ఉన్నాయో లేదో చూపించే పేజీని దాన్నుంచి మినహాయించడం మర్చిపోయాను. పొద్దున తీసుకున్న పేజీనే రోజంతా అందరికీ చూపించింది. అదే గది చూసుకుని మూడు కుటుంబాలు వచ్చాయి. రాత్రి పదకొండున్నరకు చంటిపిల్లను ఎత్తుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డ ఆ తల్లి ముఖం నాకింకా గుర్తుంది. తెలిసినవాళ్ళింట్లో ఆమెకు చోటు చూపించేసరికి ఒంటిగంట అయింది. నీ సైటులో కార్ట్, చెకౌట్, మై అకౌంట్ పేజీలు క్యాష్ కాకూడదు. మంచి ప్లగిన్లు వాటిని వాటంతటవే వదిలేస్తాయి, అయినా రెండు ఫోన్లలో తెరిచి నీ కళ్ళతో చూసుకో. వేగం కూడా ఇంట్లో వైఫై మీద కాదు, బజార్లో నిలబడి మొబైల్ డేటా మీద చూడు.

గూగుల్‌లో సైటు బాగా కనపడేలా చేసే ఎస్ఈవోకు యోస్ట్ గానీ ర్యాంక్ మ్యాత్ గానీ ఒకటి చాలు. అందులో పచ్చ లైటు వెలిగిందని సంబరపడకు. కలంతో గీసే కాళహస్తి పనికీ, అచ్చులతో అద్దే పెడన పనికీ తేడా ఏమిటో నాలుగు పేరాలు నువ్వే రాయి. ఇది ఏ ప్లగినూ రాసిపెట్టదు. కొనేవాళ్ళు అడిగేది అదే.

నీ ఫ్రెండ్ ఎవరో డబ్బు కట్టాల్సిన ప్లగిన్ ఫ్రీగా ఇస్తానన్నాడని రాశావు. తీసుకోవద్దు. ఒక పచ్చళ్ళ దుకాణం వాళ్ళు అలా తీసుకుంటే, నెల తిరక్కుండానే అందులో దాచిపెట్టిన దొంగ కోడ్ వల్ల గూగుల్‌లో వాళ్ళ పేరు కింద జపనీస్ అక్షరాలు కనపడటం మొదలైంది. శుభ్రం చేయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అంత అవసరమైన ప్లగిన్ అయితే డబ్బు నేనిస్తాను, అడుగు.

అన్నిటికంటే ముందు పెట్టాల్సింది బ్యాకప్. అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ ఉచితంగా దొరికేదే సరిపోతుంది. బ్యాకప్ అదే సర్వర్‌లో ఉంచొద్దు, గూగుల్ డ్రైవ్‌కు వెళ్ళేలా పెట్టు. ఆర్డర్లు వస్తుంటే డేటాబేస్ రోజూ, ఫైళ్ళు వారానికోసారి. తీసిన బ్యాకప్ తిరిగి ఎక్కుతుందో లేదో ఒకసారి వేరే ఖాళీ సైటులో ఎక్కించి చూడాలి. ఇది చాలామంది చేయరు. అప్‌డేట్లు బ్యాకప్ తీశాకే, అదీ పొద్దుటిపూట, నీకు తీరికున్న రోజున. శివరాత్రి ముందు వారం మాత్రం ఏదీ కదపకు.

నా లెక్కలో నీకు మిగిలేవి ఎనిమిదో తొమ్మిదో. వద్దనుకున్నవి డీయాక్టివేట్ చేసి వదిలేయొద్దు, డిలీట్ చెయ్. ఆపేసిన ప్లగిన్ ఫైళ్ళు కూడా సర్వర్‌లోనే పడి ఉంటాయి.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. నేను వచ్చేలోపు మొదటి బ్యాకప్ తీసి ఉంచు, దాన్ని తిరిగి ఎక్కించడం ఇద్దరం కలిసి చూద్దాం. మీ అమ్మకు చెప్పు, మధ్యాహ్నం భోజనం అక్కడే.

నీ పెదనాన్న,
తిరుపతి