డ్రైవర్ లేని కార్ల గురించి చదువుతానంటున్న పాపకి ఏ బ్రాంచ్ ఇప్పించాలి?

తిరుపతి నుంచి ఒక నాన్న రాసినారు. పదహారేళ్ళుగా కొండకు టాక్సీ తోలతారంట, పాప ఇంటర్ సెకండ్ ఇయర్ ఎంపీసీ. "డ్రైవర్ లేని కారుకి బ్రేక్ పడకపోతే, ఎదురుగా ముసలామె, పక్కన పిల్లోడు ఉంటే ఎవర్ని తప్పించాలో ఎవరు డిసైడ్ చేస్తారు, నేను అదే చదువుతా అంటాంది మేడమ్. మా బామ్మర్ది వాళ్ళంతా నవ్వినారు. చెన్నైలో ఒక కాలేజీ వాళ్ళు మేనేజ్‌మెంట్ కోటాలో ఏఐ-ఎంఎల్ సీటు ఇస్తామంటున్నారు, లోన్ పెట్టాల. అది మేలా, మామూలు సీఎస్ఈనా, ఈసీఈనా?"

అన్నా, కోప్పడొద్దు, ఒకటి అడుగుతా. వాళ్ళతో పాటు మీరూ నవ్వినారు కదా? రాయలేదు గానీ నాకు తెలుస్తాంది. పదిహేడేళ్ళ పిల్ల నలుగురి ముందర ఒక ప్రశ్న అడిగితే నవ్వేస్తే ఇంక ఇంట్లో నోరు తెరవదు, ఇలాంటి పిల్లల్ని నేను చానామందిని చూసినా. అది పిచ్చి ప్రశ్న కాదన్నా. అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీ వాళ్ళు 2016లో ఇదే ఆన్‌లైన్లో పెడితే 233 దేశాలు, ప్రాంతాల నుంచి దాదాపు 4 కోట్ల జవాబులు వచ్చినాయి. జర్మనీలో గవర్నమెంట్ వేసిన కమిటీ అయితే 2017లో, ప్రమాదం తప్పని పరిస్థితి వచ్చినా వయసు చూసో ఆడా మగా చూసో మనిషిని ఎంచుకోకూడదని రూలే రాసింది.

పాపకి కూడా ఒకటి చెప్పాల. "ఎవర్ని తప్పించాలి" అనే దాకా రాకముందే అసలు తప్పు జరిగిపోయి ఉంటుంది. 2018 మార్చిలో అమెరికాలో టెంపే అనే ఊర్లో రాత్రిపూట ఒకామె సైకిల్ నెట్టుకుంటా రోడ్డు దాటుతుంటే టెస్టింగ్‌లో ఉన్న ఇట్లాంటి కారు గుద్దేసింది, ఆమె చనిపోయింది. కారు 5.6 సెకన్ల ముందే ఆమెను పసిగట్టింది, కానీ బండి అనుకుంది, ఇంకేదో వస్తువు అనుకుంది, సైకిల్ అనుకుంది, ఎందుకంటే క్రాసింగ్ లేని చోట కూడా మనిషి రోడ్డు దాటతాడు అనే మాటే ఆ సాఫ్ట్‌వేర్‌లో రాయలేదు. కారుకి కంపెనీ ఇచ్చిన ఆటోమేటిక్ బ్రేక్ ఆపేసి పెట్టినారు, సీట్లో కూర్చుని కారుని గమనిస్తా ఉండాల్సిన మనిషి ఫోన్ చూస్తా ఉండింది. అక్కడ ముసలామెనా పిల్లోడా అనే ధర్మసంకటమే రాలేదు, ఆఫీసులో కూర్చుని ఎవరో రాయకుండా వదిలేసిన దానికి ప్రాణం పోయింది.

మీకిది నాకంటే బాగా తెలుసు. మోకాళ్ళ మెట్టు దగ్గర నడిచి పోయేవాళ్ళు కనిపించకముందే మీరు స్పీడ్ తగ్గిస్తారు, మలుపు తిరిగినాక ఆలోచించరు కదా. పాప చదవాలనుకునేది దాన్నే, మిషన్‌కి ఎట్ల నేర్పించాలా అని.

ఇంక బ్రాంచ్ సంగతి. ఏఐ-ఎంఎల్ మీద నాకు నిజంగా అనుమానాలు ఉన్నాయి. చాలా కాలేజీల్లో అదే సీఎస్ఈ, అదే సార్లు, బోర్డు ఒకటే కొత్తది, ఫీజు మాత్రం ఎక్కువ. నా దగ్గరికి వచ్చిన ఒక పిల్లోడు అట్లే చేరి మూడో సంవత్సరంలో కూడా ప్రాబబిలిటీ రాక, లీనియర్ ఆల్జీబ్రా రాక ఏడ్చినాడు, వాళ్ళ నాయన పొలం తాకట్టు పెట్టినాడు. మీరు అప్పు చేసి ఆ సీటు కొనొద్దు, గట్టిగానే చెప్తాన్నా. కన్వీనర్ కోటాలో దగ్గర్లో మంచి కాలేజీలో మామూలు సీఎస్ఈ వస్తే తీసుకోండి, సెన్సార్లు, రాడార్ ఇష్టమైతే ఈసీఈ కూడా మేలే. ఫ్రెషర్‌కి "ఎథిక్స్", అంటే పాప అడిగిన ఇట్లాంటి తప్పొప్పుల సంగతి, ఆ పేరుతో ఉద్యోగం దొరకడం చాలా కష్టం. టెస్టింగ్, సేఫ్టీ వైపు పోవాల, ఐఎస్ఓ 26262 అని బండ్ల సేఫ్టీకి ఒక స్టాండర్డ్ ఉంది, దాని గురించి ఇప్పుడే చదవమనండి. తర్వాత ఎంటెక్ అనుకుంటే ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవర్ లేని బండ్ల కోసమే టిహాన్ అని టెస్టింగ్ ట్రాక్ ఉంది.

మీ భయం ఇంకోటి కూడా ఉందేమో అనిపిస్తాంది, కూతురు చదివే చదువే మీ పని పోగొడుతుందా అని. డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయని ఈ కార్లు మన దేశంలోకి రానివ్వనని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిగా గడ్కరీ గారు 2023లో కూడా అన్నారు. ఘాట్ రోడ్డులో మీ స్టీరింగ్ ఇప్పట్లో ఎవరూ లాక్కోరన్నా, ధైర్యంగా ఉండండి. పాప కూడా దారి తప్పలేదు, అట్ల ఆలోచించే పిల్లలు నాకు ఏడాదికి ఒకరిద్దరు కూడా రారు.

ఈ ఆదివారం ట్రిప్ లేకపోతే పాపని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కొండకు పోయి రండి, ఎక్కడ ఎందుకు స్లో చేస్తారో చెప్పండి, తను నోట్‌బుక్‌లో రాసుకోనీ. ర్యాంకు వచ్చినాక ఆప్షన్లు పెట్టే ముందర లిస్ట్ నాకు పంపండి, నేను చూస్తా.