గ్రీకు పాతాళంలో చనిపోయినవాళ్లని దాటించే కేరన్ పడవ నడిపేది స్టిక్స్ నదిలోనా, అకెరాన్‌లోనా?

ఏ కవిని చదువుతున్నామన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. హోమర్ 'ఒడిస్సీ'లో ఈ నదులు రెండూ ఉన్నాయి గానీ పడవవాడు కనిపించడు. అప్పట్లో స్టిక్స్ అంటే ముఖ్యంగా దేవతలు ఒట్టు పెట్టే నది. రోమన్ కవి వర్జిల్ కేరన్‌ని అకెరాన్ దగ్గర చూపిస్తూనే, ఆ నీళ్లను స్టిక్స్ అని కూడా అంటాడు. తికమక సహజమే.

ఇటలీ కవి దాంతే మాత్రం తన నరక వర్ణనలో విడదీసి చెప్పాడు: అకెరాన్‌కి కేరన్, బురద మడుగు లాంటి స్టిక్స్‌కి ఫ్లెగియాస్ అనే వేరే పడవవాడు. సిస్టైన్ చాపెల్‌లో మైకెలాంజెలో వేసిన 'తుది తీర్పు' (1536–41)లో తెడ్డెత్తి పాపుల్ని బాదుతున్నవాడు దాంతే చెప్పిన కేరనే. 1822లో ఫ్రెంచ్ చిత్రకారుడు డెలాక్రా వేసిన 'దాంతే పడవ'లో ఉన్నది ఫ్లెగియాస్. నా లెక్కలో వీటన్నిటిలోకీ గొప్ప బొమ్మ ఇదే. మునిగిపోతున్న వాళ్లలో ఒకడు పడవ అంచుని పళ్లతో కరిచి పట్టుకుంటాడు. ఒంటిమీది నీటిబొట్లను దగ్గరికెళ్లి చూస్తే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు చుక్కలు!

మన వైతరణి దాటడానికి గోదానం చేసినట్టు, గ్రీకులు కేరన్ కూలి కోసం శవం నోట్లో నాణెం పెట్టేవారు. ఆ కూలి ఏ నది దాటించినందుకో వాళ్లు కూడా ఒకే మాట మీద లేరు.