‘తగినంత’ అంటే ఎంత పిన్నీ?

ఈ నెల ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఉత్తరాలంటే కాగితం మీద వచ్చినవి రెండే, మిగతావన్నీ మెయిళ్లూ వాట్సాప్‌లూ. సగం మందికి ఒక్క మాట మీదే కోపం: ‘తగినంత’. ఉప్పు తగినంత, నీళ్లు తగినంత, నూనె తగినంత. "అంటే ఎంతో చెప్పి చావొచ్చు కదా" అని ఒకావిడ నేరుగానే రాసేసింది. ఈ పేజీలో ఆ మాట అందరికంటే ఎక్కువసార్లు వాడింది నేనే కాబట్టి తిట్లు నాకే చెందుతాయి, ఒప్పుకుంటున్నా. ఈసారి గ్లాసూ చెంచా పక్కన పెట్టుకునే కూర్చున్నాను, అడగండి.

ప్ర: పిన్నీ, పెళ్లై రెండేళ్లయింది. కిందటేడు మొదటిసారి సొంతంగా ఆవకాయ పెట్టాను. ఉప్పు ఎంతని అత్తయ్యకు ఫోన్ చేస్తే ‘తగినంత వెయ్యమ్మా, చూస్తే తెలుస్తుంది’ అన్నారు. నాకు చూస్తే ఏమీ తెలియలేదు. ఆరోగ్యానికి మంచిది కాదని నూనె కూడా కాస్త తగ్గించాను. నెల తిరక్కుండా పైన తెల్లగా బూజు. మూడు కేజీల కాయలు పారబోస్తుంటే ఏడుపొచ్చింది. ఈ ఏడు మళ్లీ పెట్టనా, కొనుక్కుని ఊరుకోనా?
(ఓ కోడలు, బెంగళూరు)

జ: పెట్టు, తప్పకుండా పెట్టు. మీ అత్తగారు కావాలని దాచలేదమ్మా, ఆవిడకు కొలత చేతిలో ఉంది, నోట్లోకి రాదు. మా అత్తగారూ అంతే. కొత్తల్లో ఆవకాయ కలిపే రోజు నేను ఆవిడ వెనకే నిలబడి, ఆవిడ పిడికిట్లోకి ఉప్పు తీసుకోగానే చిన్న గిన్నె అడ్డం పెట్టి "అత్తయ్యా, ముందు ఇందులో వెయ్యండి" అని, చెంచాతో కొలిచి, కాగితం మీద రాసుకుని, అప్పుడు బేసిన్‌లో పోసేదాన్ని. "నీ చాదస్తం పాడుగానూ, ఎండ దిగిపోతోంది" అని విసుక్కునేది. చివరికి తేలిందేమిటంటే ఆవిడ పిడికెడు ఏడు చెంచాలు, నా పిడికెడు ఐదు. ఇంక ‘నాలుగు పిడికిళ్లు’ అని పుస్తకంలో రాసుకుని నేనేం చేసుకోను?

లెక్క రాసుకో. గ్లాసు ఏదైనా పర్లేదు, అన్నిటికీ అదే గ్లాసు వాడాలి. ముక్కలు 4 గ్లాసులు, కారం 1, ఆవపిండి 1, ఉప్పు ముప్పావు, నువ్వుల నూనె గ్లాసున్నర నుంచి 2 గ్లాసుల దాకా, మెంతులు ఒక చెంచా. వెల్లుల్లి మీ ఇంటి ఇష్టం. పూర్వం ఇదంతా సోలతోనో తవ్వతోనో కొలిచేవారు (4 గిద్దలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక). మా అత్తగారి ఇత్తడి సోల ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, మా మనవడు అందులో పెన్నులు పెట్టుకుంటున్నాడు, సరే అది వేరే సంగతి. అసలు తిరకాసు ఉప్పు దగ్గరే. ముప్పావు గ్లాసు అన్నది ఎండబెట్టి దంచుకున్న రాళ్ల ఉప్పుకి. ప్యాకెట్లో వచ్చే సన్నుప్పు గ్లాసులో దట్టంగా కూర్చుంటుంది కాబట్టి అదే గ్లాసుకు బరువు ఎక్కువ తూగుతుంది, అది వేస్తే పచ్చడి ఉప్పు కషాయమే. సన్నుప్పు తప్ప దొరకదనుకుంటే కాస్త తక్కువతో మొదలుపెట్టి మూడో రోజు చూసి కలుపుకో.

ఇక బూజు సంగతి. ఉప్పు చాలకపోయినా, ఎక్కడో తడి తగిలినా, ముక్క నూనె పైకి తేలి గాలి తగిలినా బూజు వస్తుంది. నీ ఉత్తరం చదివితే నాకు మూడోదాని మీదే అనుమానం. ఆవకాయలో నూనె రుచి కోసం మాత్రమే కాదమ్మా, అది మూత. మూడో రోజు తిరగ కలిపాక నూనె ముక్కల మీద ఒక వేలు మందాన నిలబడాలి, నిలబడకపోతే ఇంకాస్త పొయ్యి. ఆరోగ్యం కోసమైతే వడ్డించుకునేటప్పుడు తక్కువ వేసుకో, జాడీలో తగ్గించకు. అన్నట్టు, బూజు వచ్చింది పారబోశావే, మంచి పని చేశావు. పైపైన తీసేసి కింద తినేవాళ్లు ఉన్నారు, ఆ పని చెయ్యకండి ఎవరూ.

కాయలు కడిగి తుడిచి, పూర్తిగా ఆరాకే ముక్క కొట్టించు. కొట్టించాక ఒక్కో ముక్కనీ పొడి గుడ్డతో తుడిచి, లోపల జీడి తీసేసి, టెంకకు అంటుకున్న కాగితంలాంటి పొర గీకెయ్యాలి. టెంక లేని ముక్క నాలుగు రోజులకే మెత్తబడిపోతుంది, అది పక్కన పెట్టి పప్పులో వేసుకో. ఆవాలు ఎండబెట్టి మిక్సీలో ఆపి ఆపి తిప్పు. నేను మొదటి ఏడు ఒకే ఊపున తిప్పేసరికి జారు వేడెక్కి, పిండి కమురు వాసనొచ్చి, పచ్చడంతా చేదెక్కింది. ఆ ఏడాదంతా మా మామగారు నోరు తెరిచి ఒక్క మాట అనకుండా అదే తిన్నారు, అది ఇంకా బాధ.

కలపడం అయ్యాక బేసిన్ కడిగెయ్యకు. అందులో వేడి వేడి అన్నం, కాస్త నెయ్యి వేసి, అంచులకు అంటినదంతా వచ్చేలా కలిపి మీ ఆయనకో ముద్ద, నీకో ముద్ద. ఆ రోజు ఇంట్లో కూర వండకూడదు, వండినా ఎవరూ తినరు.

ప్ర: అక్కా, చలికాలం మొదలు ఇప్పటి దాకా మా ఇంట్లో పెరుగు సరిగ్గా తోడుకోవడం లేదు. ఒక రోజు పాలలాగే ఉంటుంది, ఒక రోజు జిగటగా సాగుతుంది. మా అమ్మ ‘పాలు గోరువెచ్చగా ఉండాలిరా’ అంటుంది. గోరువెచ్చన అంటే ఎన్ని డిగ్రీలు?
(ఓ తమ్ముడు, డాలస్)

జ: ఇంజినీరువి కాబోలు! 40 నుంచి 45 డిగ్రీల సెల్సియస్. థర్మామీటర్ లేకపోతే చిటికెన వేలు పాలల్లో ముంచి పది లెక్కపెట్టు, వేలు తీసెయ్యాలనిపించకూడదు, అలాగని చల్లగానూ తగలకూడదు. అంతకంటే బాగా వేడిగా ఉంటే తోడులోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, చల్లగా ఉంటే బద్ధకిస్తాయి. తోడు వేశాక ఆ వెచ్చదనం ఏడెనిమిది గంటలు నిలవాలి, మీ దగ్గర అందరూ చేసే పనే చెయ్యి, ఓవెన్ ఆన్ చెయ్యకుండా అందులో లైటు మాత్రం వేసి గిన్నె పెట్టెయ్. ఓవెన్ లేనివాళ్లు బియ్యం డబ్బాలో గిన్నె పాతిపెట్టినా, పాత శాలువా చుట్టినా సరిపోతుంది. షాపులో కొన్న యోగర్ట్‌తో తోడు వేస్తున్నావేమో డబ్బా మీద చూడు, లైవ్ కల్చర్స్ అని రాసి ఉంటేనే పని చేస్తుంది. సాగుతోందంటే ఆ తోడు పాడైందని అర్థం, దాన్నే మళ్లీ మళ్లీ వెయ్యకు. కొత్త తోడు దొరక్కపోతే నాలుగైదు పచ్చిమిరపకాయల తొడిమలు వెచ్చటి పాలల్లో వేసి ఉంచు, మొదటిసారి పల్చగా తోడుకుంటుంది, దాంతో రెండోసారి వేస్తే గడ్డ పెరుగే.

ప్ర: మా ఆయనకు నేను ఎన్ని రకాలుగా చారు పెట్టినా ‘మా అమ్మ చారులా లేదు’ అంటారు. పదకొండేళ్లుగా ఇదే మాట. ఏం చెయ్యమంటారు?
(ఓ పాఠకురాలు, హైదరాబాద్)

జ: ఒక పదిహేను రోజులు చారు ఆయన్నే పెట్టమనండి. అమ్మ చారు రుచి అంత బాగా గుర్తున్నవాడికి పెట్టడం రాకుండా ఉంటుందా? కోపంతో చెప్పడం లేదు, నిజంగానే చెబుతున్నా. మీరు మాత్రం ఒక్కటి చూసుకోండి. మిరియాలూ జీలకర్రా అప్పటికప్పుడు దంచి వేసి, చారు పొంగు రాగానే దించేస్తున్నారా, లేక ఆ తర్వాత కూడా తెర్లనిస్తున్నారా? ఎక్కువసేపు తెర్లితే వాసనంతా ఆవిరితో పోతుంది. నేతి పోపు, ఇంగువ ఆఖర్న వేసి వెంటనే మూత పెట్టండి. ఇవన్నీ చేసినా ‘మా అమ్మ’ అంటే అది చారు గొడవ కాదు, వదిలెయ్యండి.

ప్ర: సర్వపిండి మొదటి వాయి మంచిగ వస్తది, రెండోసారి వేడి గిన్నెకు పిండి ఒత్తరాదు, చెయ్యి కాలుతది. మీరెట్ల చేస్తరు?
(ఓ చెల్లె, వరంగల్)

జ: నేను పుట్టింది గోదావరి వైపు, సర్వపిండి నాకు నేర్పింది మా వియ్యపురాలు, కరీంనగర్ ఆవిడ. ఆవిడ చేసేది చెబుతా. కాలిన పిండి తియ్యగానే గిన్నెను బోర్లించి అడుగు మీద కుళాయి నీళ్లు పోస్తుంది, చుయ్‌మని చల్లారుతుంది, లోపల తుడిచి నూనె రాసి మళ్లీ ఒత్తుతుంది. కాకపోతే ఇది పల్చటి గిన్నెలకే, మందపు ఇనుప మూకుడు మీద హఠాత్తుగా నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. అంతకంటే తేలిక, రెండు గిన్నెలు పెట్టుకోవడం, ఒకటి పొయ్యి మీద ఉండగా ఇంకొకటి చల్లారుతుంది. వేలితో చిల్లులు పెట్టి వాటిలో నూనె చుక్కలు వెయ్యడం మాత్రం మానొద్దు, మధ్యలో కాలేది దాని వల్లే. మంట చిన్నదే. దీన్ని కొన్నిచోట్ల గిన్నప్ప అనీ, కొన్నిచోట్ల తపాలచెక్క అనీ అంటారట. పేరు ఏదైనా అడుగున ఎర్రగా అంటుకున్న పెచ్చు కోసమే పిల్లలు కొట్టుకునేది.

ప్ర: మిక్సీలో చేసిన పచ్చడికి రోటి పచ్చడి రుచి ఎందుకు రాదు?
(ఓ పాఠకురాలు, విశాఖపట్నం)

జ: రోలు నలుపుతుంది, మిక్సీ కోస్తుంది. పల్స్ మీద రెండు మూడు తిప్పులు తిప్పి ఆపెయ్యండి, ఉల్లిపాయ ముక్కలు చేత్తో నలిపి ఆఖర్న కలపండి. అయినా ముప్పావు వంతు రుచే వస్తుంది. నేనూ దాంతోనే సరిపెట్టుకుంటున్నా, భుజం నొప్పి.

ప్ర: అమ్మా, నాకు 67 ఏళ్లు, బ్యాంకులో చేసి రిటైరయ్యాను. మా ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది, రెండు నెలల దాకా వంటింట్లో నిలబడొద్దన్నారు. హాల్లో కుర్చీలోంచి ఆవిడ చెబుతుంది, లోపల నేను చేస్తాను. రెండు చిక్కులు. మామిడికాయ పప్పు ఎన్ని విజిల్స్ వేయించినా పలుకుగానే ఉంటోంది. రెండోది, శనివారం నైవేద్యానికి పులిహోర. నైవేద్యం ముందుగా రుచి చూడకూడదు కదా, మరి ఉప్పు సరిపోయిందని ఎలా తెలుస్తుందని అడిగితే ‘కలుపుతుంటే చేతికి తెలుస్తుందండీ’ అంటుంది. నా చేతికి ఏమీ తెలియడం లేదు.
(రాజమండ్రి)

జ: బాబాయిగారూ, ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదే, అందుకే ఆఖరికి దాచుకున్నా.

పప్పు తేలిక. మామిడికాయ ముక్కలు పప్పుతోపాటే వేస్తున్నారు, కదా? పులుపు తగిలితే పప్పు బద్ద మెత్తబడదు. చింతపండు వేసినా అంతే. గ్లాసు కందిపప్పు అరగంట నానబెట్టి, మూడు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నూనె (పొంగకుండా) వేసి కుక్కర్లో పెట్టండి. మామిడి ముక్కలు అదే కుక్కర్లో పైన వేరే చిన్న గిన్నెలో. రెండూ ఉడికాక ఎనిపి, అప్పుడు ఉప్పూ కారం వేసి పోపు పెట్టండి. అప్పటికీ పలుకుగానే ఉంటే మీ పప్పు పాతదై ఉంటుంది, లేకపోతే బోరు నీళ్లు, తాగే నీళ్లతో ఉడికించి చూడండి.

పులిహోరకు గ్లాసు బియ్యం అన్నం, నిమ్మకాయంత చింతపండు గుజ్జు, ఉప్పు చెంచాన్నర. ఇది నా లెక్క, మీ చింతపండు పులుపు వేరే ఉండొచ్చు. అందుకని శుక్రవారం రాత్రి భోజనానికి సరిగ్గా ఇదే కొలతలతో ఒకసారి చెయ్యండి, తినండి, ఎక్కువో తక్కువో గోడ క్యాలెండర్ మీద రాసుకోండి, శనివారం ఆ సర్దుబాటుతో చెయ్యండి. బ్యాంకు వాళ్లకు ఖాతా రాయడం నేను నేర్పాలా!

ఇంకో మాట. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. ఉప్పూ పసుపూ నూనె పట్టిన మెతుకు, పట్టని మెతుకు నలభై ఏళ్లుగా కలిపిన చేతికి తేడాగానే తగులుతాయి, నా చేతికి కూడా ఆ తెలివి యాభై దాటాకే వచ్చింది. రెండు నెలల్లో మీకు రాదు, దిగులుపడకండి. అన్నం ఆరబోసిన బేసిన్, గుజ్జు గిన్నె, ఉప్పు డబ్బా అన్నీ తెచ్చి ఆవిడ కుర్చీ ముందు స్టూలు మీద పెట్టండి. ఆపరేషన్ మోకాలికి కదా, చేతికి కాదు. ఆవిడ కలుపుతుంటే పక్కన కూర్చుని, ఉప్పు డబ్బాలోకి చెయ్యి వెళ్లినప్పుడల్లా చిన్న గిన్నె అడ్డం పెట్టి కొలుచుకోండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఆవిడ పిడికెడు ఎన్ని చెంచాలో నాకు కూడా రాసి పంపండి.